ఉస్తానీమా బర్రె కింద కూర్చున్న రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకంటే మా బర్రెలకే మర్యాద ఎక్కువ. పొద్దున లేవగానే మా బాపు ముందు వాటి మొహం చూసేవాడు, ఆ తర్వాత దేవుడి పటం, ఇంకా తీరిక ఉంటే నా మొహం. పురానాపూల్ దగ్గర మూసీ వైపు దిగే గల్లీలో మా ఇల్లు. ఇల్లంటే ముందు కొట్టం, వెనక ఒక చిన్న అర్ర. అంతే. ఒకప్పుడు నాలుగు బర్రెలు ఉండేవట. నాకు ఊహ తెలిసేనాటికి రెండే మిగిలాయి.

నా ఎనిమిదో ఏట మా అమ్మ జ్వరంతో పోయింది. ఆమె పోయిన మర్నాడు బర్రెలు చేపలేదు. పొదుగు నిండా పాలుండి కూడా ఒక్క చుక్క కిందికి వదల్లేదు. బాపు కింద కూర్చుంటే తన్నాయి. రెండు రోజులు చూసి, మూడో రోజు పొద్దున అమ్మ పాత చీర నా భుజాల చుట్టూ కప్పి నన్ను కూర్చోబెట్టాడు. ఆ చీర వాసనకో, నా చేతులు చిన్నవనో, రెండూ చేపాయి. చెంబులో పాలధార పడుతున్న చప్పుడు విని బాపు గోడకు తల ఆనించి ఏడ్చాడు. ఆ రోజు నుంచి రెండు పూటలా పాలు పిండటం నా పని అయింది. అమ్మ చనిపోయిందని ఏడవడానికి నాకు తీరిక దొరకలేదు. ఈ మాట ఇప్పుడు చెబుతుంటే కూడా కోపమే వస్తోంది.

మేము పాలు పోసే చోట్లలో ఆడపిల్లల బడి ఒకటి ఉండేది. నవాబుల కాలపు పెద్ద బంగళా, దేవిడీ అంటారు, దాన్ని బడిగా మార్చారు. చుట్టూ ఎత్తైన గోడలు, గేటుకు దళసరి పరదా. మగపురుగు లోపలికి పోవడానికి లేదు. కాబట్టి పాల చెంబు పట్టుకొని లోపలికి పోయేది నేనే. పోయినదాన్ని ఊరికే రాకుండా కిటికీ దగ్గర నిలబడి పిల్లలు చదివేది వినేదాన్ని. అది చూసి పెద్ద ఉస్తానీ, అంటే ఆ బడికి పెద్దామె, నన్ను కూడా కూర్చోబెట్టుకుంది. బాపు కాదనలేదు. పొద్దంతా ఇంట్లో ఒక్కదాన్ని ఉండటం కంటే నాలుగు గోడల మధ్య పదిమంది ఆడపిల్లలతో ఉండటం నయమనుకున్నాడు.

చదువులో నేను మధ్యరకం. ఉర్దూ అక్షరాలు నా చేతిలో ఎటు పడితే అటు పోయేవి. నాకు నచ్చింది డ్రిల్లు. డ్రిల్లు నేర్పే ఆమెను మేమందరం ఉస్తానీమా అనేవాళ్ళం. ముప్పై దాటి ఉంటాయేమో, సన్నగా నిటారుగా ఉండేది. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఎక్కడో ఒక తెల్ల దొరసాని దగ్గర కసరత్తు నేర్చుకొని వచ్చిందట. దుపట్టా నడుముకు బిగించి కట్టి, చేతిలో సన్నటి బెత్తం పట్టుకొని వాకిట్లోకి వచ్చిందంటే పావురాలు కూడా వరుసలో నిలబడతాయని మేము నవ్వుకునేవాళ్ళం. నేను లంగా కట్టుకొని వస్తానని, తన పాత బట్టతో నాకొక సల్వారు కుట్టి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు ఒక్క మంచి మాట అనలేదు. కొలత సరిపోయిందో లేదో చూసి పొమ్మంది.

ఆ వాకిట్లో రెండు గుంజలు పాతి, వాటి మధ్య అడ్డంగా ఇనుప బారు బిగించారు. కింద మూసీ ఇసుక పోశారు. ఆ బారు మీద మేము నేర్చుకోవాల్సిన మొదటి విద్యను ఉస్తానీమా ఉల్టా అనేది. బారు పట్టుకొని వేలాడాలి. చేతులతో ఛాతీని బారు దాకా లాక్కోవాలి. రెండు కాళ్ళూ కలిపి ముందు నుంచి పైకెత్తి, బారు మీదుగా అవతలికి వెయ్యాలి. నడుము బారు చుట్టూ తిరుగుతుంది, తల కింది నుంచి పైకి వస్తుంది, చివరికి చేతులు నిటారుగా పెట్టి బారు మీద నిలవాలి. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. అదొస్తే మిగిలినవన్నీ దాని వెనకే వస్తాయని ఆమె చెప్పేది.

జర్మనీ యుద్ధం మాటలు గల్లీ గల్లీలో వినపడుతున్న రోజులవి. ఆ ఏడు చలికాలం మొదట్లో ఒక కబురు వచ్చింది. నయాపూల్ అవతల ఉన్న ఒక పెద్ద బడి వాళ్ళు, ముందుముందు డ్రిల్లు ఉస్తానీలను తయారుచేయడానికని, కసరత్తు బాగా వచ్చే పిల్లలను ఏరి హాస్టల్లో పెట్టుకొని చదివిస్తారట. తనిఖీకి ఆ బడి దొరసాని వస్తుంది, మా బడి నుంచి ఇద్దరిని ఎంచుకుంటుంది. బారు మీద ఉల్టా రాని పిల్లను ఆమె చూడను కూడా చూడదు.

నాకు అప్పుడు పదకొండేళ్ళు. ఇంట్లో వేరే కబురు నడుస్తోంది. మా మేనమామ భార్య కాన్పులో పోయింది. ఆయనకు ముప్పై ఐదు దాటాయి. మా వైపు మేనమామకు పిల్లనివ్వడం మామూలే. మాఘంలో నన్ను ఆయనకిచ్చి చేస్తానని బాపు మాట ఇచ్చేశాడు. మామ చెడ్డవాడు కాదు. వచ్చినప్పుడల్లా నాకు పుట్నాల ముద్దలు తెచ్చేవాడు, ఎత్తుకొని తిప్పేవాడు. ఆ ఎత్తుకున్న మనిషే మొగుడని తెలిశాక ఆ ముద్దలు బర్రెల తొట్లో వేసేశాను. హాస్టల్ సంగతి విని నేను బాపు కాళ్ళు పట్టుకున్నాను. ఆయన నన్ను లేపి గడ్డి మీద కూర్చోబెట్టాడు. చివరికి ఒక మాట అన్నాడు.

"సీటొస్తె పో బిడ్డా, నేను ఆప. మీ మామకు నేనే చెప్పుకుంట. రాకపోతె మాత్రం మాఘంల పెండ్లే. నేను ఏమన్నయి పోతె నిన్ను ఎవలు చూస్తరు?"

ఇక నాకు మిగిలింది ఆ ఇనుప బారు ఒక్కటే.

మూడు నెలలు. మిగిలిన పిల్లలకు ఒకరి తర్వాత ఒకరికి ఉల్టా వచ్చింది. తమలపాకుల పాన్‌దాన్ పక్కన పెట్టుకొని నిద్రపోయే గొప్పిళ్ళ పిల్లలకు, ఒక బిందె నీళ్ళు ఎత్తని పిల్లలకు వచ్చింది. నాకు రాలేదు. బలం లేక కాదు, అందరికంటే నా చేతులే గట్టివి. ఛాతీని సులువుగా బారు దాకా లాక్కునేదాన్ని, కాళ్ళు పైకి లేచేవి. సరిగ్గా కాళ్ళు బారు దాటి బరువంతా చేతుల మీదికి వచ్చే సమయానికి నా పట్టు ఊడిపోయేది. రోజూ అక్కడే. దభీమని ఇసుకలో వీపు మీద పడేదాన్ని. ఎందుకు ఊడుతోందో నాకు తెలియదు. చేతులు నావే, అవి నా మాట వినడం లేదు.

ఉస్తానీమాకు మాత్రం కారణం తెలుసు. నాకు భయమట. తల కిందులవుతుంటే గుండె జారి చేతులు వదిలేస్తున్నానట.

"నీకు చేతులున్నయ్, దిల్ లేదు. డర్‌పోక్!"

అందరి ముందూ అనేది. వదిలేసినప్పుడల్లా బెత్తంతో వేళ్ళ మీద ఒకటి తగిలించేది. మరీ కోపం వస్తే గోడవైపు తిరిగి నిలబడమనేది. మిగతా పిల్లలు ఉల్టాలు వేస్తుంటే నేను గోడకున్న సున్నం పెచ్చులు చూస్తూ నిలబడేదాన్ని. కొన్నాళ్ళకు పిల్లలు కూడా నన్ను డర్‌పోక్ అని పిలవడం మొదలుపెట్టారు. వాళ్ళను ఏమనాలి? నేను కూడా నమ్మాను. రాత్రి పడుకొని నా గుండె మీద చేయి పెట్టుకొని చూసుకునేదాన్ని, భయం ఎక్కడుందో తెలుస్తుందేమోనని. బారు దగ్గర నాకు భయం వేసేది కాదు. అది ఇంకా ఘోరంగా ఉండేది. నాకు తెలియకుండానే నేను పిరికిదాన్నన్నమాట, అనుకునేదాన్ని.

ఇంట్లో కొట్టం దూలానికి వేలాడి ఊగేదాన్ని. అరచేతులు పొక్కులు వచ్చి పగిలాయి. ఆ పొక్కులతోనే పాలు పిండితే మంటకు కళ్ళనీళ్ళు తిరిగేవి. బర్రెకు అవన్నీ తెలియవు కదా, ఆలస్యమైతే తన్నేది. మాఘం దగ్గర పడుతోంది. మామ ఒకసారి వచ్చి నాకు గాజులు తెచ్చి ఇచ్చిపోయాడు. ఆ గాజులను పెట్టెలో అడుగున దాచి పైన బట్టలు కప్పాను. కప్పితే పెళ్ళి ఆగుతుందా? పిచ్చి పని. కానీ ఆ వయసులో నా చేతనైంది అదే.

తనిఖీ ఇంకా తొమ్మిది రోజులుందనగా మెడ మీద పడ్డాను. కాసేపు ఊపిరి ఆడలేదు. ఆకాశం కనిపిస్తోంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. పెద్ద ఉస్తానీ పరుగెత్తుకొచ్చింది. నేను లేచి కూర్చున్నాక ఆమె ఉస్తానీమాతో ఉర్దూలో గట్టిగా మాట్లాడింది. ఈ పిల్ల పేరు కొట్టెయ్యండి, తనిఖీ రోజు నా బడి పరువు తీస్తుంది అని. ఉస్తానీమా తనిఖీకి రాసిన పేర్ల కాగితం తీసి నా పేరు మీద గీత కొట్టింది. నాకు చూపించే కొట్టింది. ఆ గీత సరిగ్గా నా మెడ మీద పడినట్టే అనిపించింది.

మర్నాడు నేను బడికి పోలేదు. ఆ తర్వాతి రోజు కూడా పోలేదు. బడికి పాలు పోయడానికి కూడా పోనని మొండికేశాను. బాపు తిట్టాడు, బతిమాలాడు. నేను మూలన కూర్చున్నాను. తిండి సహించలేదు. పారిపోతే ఎటు పోవాలా అని ఆలోచించాను. మూసీలో అప్పుడు మోకాలి లోతు నీళ్ళు కూడా లేవు. లేకపోవడమే మంచిదైందని ఈ వయసులో అనిపిస్తోంది.

మూడో రోజు తెల్లారేసరికి కొట్టం బయట ఎవరో దగ్గారు. నల్ల బురఖా. నేను బర్రె కింద ఉన్నాను, అమ్మ చీర భుజాల మీద, చెంబు మోకాళ్ళ మధ్య. బురఖా ముసుగు పైకి తీస్తే ఉస్తానీమా. బెత్తం లేదు. ఆమె మా గల్లీలోకి రావడం అదే మొదలు. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. బాపు కూడా కంగారుపడి, గడ్డి మీద గోనె పరిచి, కూర్చోండమ్మా అని తను వెనక్కి జరిగిపోయాడు.

"రెండు దినాలు రాలేదు. ప్రాణం బాగుందా లేదా చూద్దామని వచ్చిన," అంది. పిండు, పిండు, ఆపకు అన్నట్టు చెయ్యి ఊపి గోనె మీద కూర్చుంది.

నేను పిండుతున్నాను. ఆమె చూస్తోంది. మొదట ఊరికే చూసింది. తర్వాత ముందుకు వంగింది. ఆ తర్వాత లేచి వచ్చి నా పక్కన నేల మీదే, పేడ తడి ఉన్న చోటే, గొంతుక్కూర్చుంది.

"ఇట్లనే పిండుతవా రోజూ?"

"అవును ఉస్తానీమా."

"ఎన్నేండ్ల సంది?"

"మూడేండ్లయె."

"నాకు నేర్పు," అంది.

నవ్వులాటకు అంటోందేమోనని ఆమె మొహం చూశాను. నవ్వడం లేదు. నేను జరిగి చోటిచ్చాను. అమ్మ చీర ఆమె భుజాల మీద కప్పాను, లేకపోతే బర్రె ఊరుకోదు. వేళ్ళకు కాస్త వెన్న రాసుకోమన్నాను. ఆమె చన్ను పట్టుకొని లాగింది, చుక్క రాలేదు. ఇంకా గట్టిగా లాగింది. బర్రె కాలు ఝాడించింది, ఉస్తానీమా వెనక్కి పడి కూర్చుంది. వాకిలి అవతల బాపు నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు. పావురాలను వరుసలో నిలబెట్టే మనిషి పేడలో కూర్చొని మళ్ళీ నన్నే అడిగింది, ఎట్లా అని.

నేను ఆమె చెయ్యి పట్టుకొని చూపించాను. ముందు బొటనవేలు లోపలికి మడవాలి. మడిచిన కణుపుకీ మిగతా నాలుగు వేళ్ళకీ మధ్య చన్ను పెట్టి నొక్కాలి. మా అమ్మ అట్లాగే పిండేది, మా ఇళ్ళల్లో అందరూ అంతే. చిన్న చేతులతో ఎక్కువ పాలు పిండాలంటే బలమంతా ఆ కణుపులోనే ఉంటుంది. నా బొటనవేలి కణుపు మీద పెద్ద కాయ కాచి ఉండేది.

ఆమె ఆ కాయను తన వేలితో తడిమింది. ఒకసారి, రెండోసారి. తర్వాత పైకి చూపించి, ఆ దూలానికి వేలాడు అంది. వేలాడాను. ఏం చూస్తోందో నాకు అర్థం కాలేదు. "ఇప్పుడు బలం పెట్టి లాగు," అంది. లాగాను. ఆమె గోడ పక్కనున్న తవుడు బస్తా ఎక్కి నిలబడి, నా పిడికిలికి మొహం దగ్గరగా పెట్టి చూసింది.

"దిగు," అంది. గొంతు మారిపోయింది. "నీ వేలు లోపలికి ఎందుకు పోయింది?"

"బలం పెట్టుమన్నరు కద ఉస్తానీమా. బలం పెట్టాలంటే గట్లనే కద."

అప్పుడు నాకూ తెలిసింది. బారు పట్టుకునేటప్పుడు నా వేళ్ళు సరిగ్గానే ఉండేవి, బొటనవేలు కింది నుంచి చుట్టుకొనే ఉండేది. కానీ బలం పెట్టాల్సిన క్షణం రాగానే, మూడేళ్ళుగా రోజుకు రెండు పూటలా చేసిన పనే నా చెయ్యి చేసేది. బొటనవేలు మడుచుకొని లోపలికి పోయేది. బారుకీ అరచేతికీ మధ్య ఇరుక్కునేది. బరువంతా దాని మీద పడగానే ఎముక నలిగి పిడికిలి విచ్చుకునేది. మిగతా నాలుగు వేళ్ళు దాన్ని కప్పేసేవి కాబట్టి ఎదురుగా నిలబడిన వాళ్ళకు కనిపించేది కాదు. ఉస్తానీమా మూడు నెలలు నా కాళ్ళు చూసింది, నా నడుము చూసింది, నా కళ్ళల్లో భయం వెతికింది. చేతిని చూడలేదు.

ఆమె తవుడు బస్తా మీదే కూర్చుండిపోయింది. కన్నీళ్ళు పెట్టుకోలేదు, నన్ను దగ్గరికి తీసుకోలేదు. "బెత్తంతోటి కొట్టింది కూడా గీ వేళ్ళ మీదనే," అని తనలో తాను అనుకుంది. తర్వాత బాపును పిలిచింది.

ఆరు రోజులు మిగిలాయి. ఈ ఆరు రోజులూ నా చేత పాలు పిండించొద్దని ఆమె బాపును అడిగింది. పొద్దున మడిచిన వేలు మధ్యాహ్నానికి విప్పుకోదని, అలవాటు మాన్పించాలంటే మధ్యలో అది ఆగాలని చెప్పింది. బాపు తల అడ్డంగా ఊపాడు.

"నేను కూసుంటె తంతయ్ అమ్మా. పాలు బందైతె హోటలోళ్ళు వేరే తాన పట్టుకుంటరు. ఎట్ల బతకాలె?"

అది కూడా నిజమే. ఆమె బురఖా ముసుగు దించుకొని వెళ్ళిపోయింది. ఆ పూట నేను బొటనవేలు బయట పెట్టి పిండి చూశాను. సగం పాలు కూడా రాలేదు, బర్రె చెంబు తన్నేసింది. నేల మీద పారుతున్న పాలు చూసి ఇక అయిపోయిందనుకున్నాను. ఎటు చూసినా దారి లేదు. వేలు మడిస్తే మామ ఇల్లు, మడవకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. వెక్కి వెక్కి ఏడ్చాను. మూడేళ్ళ ఏడుపు ఆ పూట బయటికి వచ్చింది. అమ్మా అని ఎన్నిసార్లు పిలిచానో.

మర్నాడు లేచేసరికి కొట్టంలో పాలధార చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే మా బాపు. అంత లావు మీసాల మనిషి, అమ్మ చీర నిలువునా చుట్టుకొని, నెత్తి మీద కొంగు కప్పుకొని, బర్రె కింద కూర్చొని ఉన్నాడు. తల వంచి, మా అమ్మ బర్రెను ఎట్లా పిలిచేదో అట్లా సన్నటి గొంతుతో పిలుస్తున్నాడు. మోకాలి మీద తన్ను తగిలి రక్తం కారుతోంది. బర్రె అనుమానంగానే చేపుతోంది. నన్ను చూసి సిగ్గుపడ్డాడు.

"ఎవలకన్న చెప్పినవో, చూడు మల్ల," అన్నాడు. "పో, బడికి పో."

ఇప్పుడు ఎవరికైనా చెబితే నవ్వుతారు. నేను ఆ రోజు నవ్వలేదు.

ఆ అయిదు రోజులూ ఉస్తానీమా నన్ను ఉల్టా వెయ్యనివ్వలేదు. కేవలం పట్టుకోమనేది. వేలాడు, లాగు, దిగు. బలం పెట్టు అనే మాటే మానేసింది. బొటనవేలికి ఎర్ర గుడ్డపీలిక చుట్టి, అది కనిపిస్తూ ఉండాలి అనేది. తను నేల మీద కూర్చొని కింది నుంచి నా చేతులను చూసేది. ఒక్కోసారి వేలు బయటే ఉండేది, ఒక్కోసారి జారి లోపలికి పోయేది. చివరి రోజుకు పదింటిలో ఆరుసార్లు ఉంది. పదింటిలో ఆరు అంటే ఇంకా నాలుగుసార్లు పడతానని నాకు తెలుసు. నా పేరు కాగితం మీద మళ్ళీ రాయలేదు. పెద్ద ఉస్తానీ ఒప్పుకోలేదు.

తనిఖీ రోజు పరదాల మోటారులో దొరసాని వచ్చింది. వాకిట్లో కుర్చీలు వేశారు. పేర్లున్న పిల్లలందరూ ఒక్కొక్కరే ఉల్టా వేశారు. అందరూ బాగానే వేశారు. కాగితం అయిపోయింది. పెద్ద ఉస్తానీ లేచి షర్బత్తు తెమ్మంది. అప్పుడు ఉస్తానీమా నన్ను చెయ్యి పట్టుకొని ఇసుకలోకి తెచ్చింది. ఇంకొకరున్నారంది. పెద్ద ఉస్తానీ మొహం మాడిపోయింది, కానీ దొరసాని ఎదుట ఏమీ అనలేకపోయింది.

నేను బారు పట్టుకున్నాను. ఎర్ర పీలిక కనిపిస్తోంది. లాక్కున్నాను, కాళ్ళు ఎత్తాను. అంతమంది చూస్తున్నారన్న భయంలో ప్రాణం ఉగ్గబట్టి బలం పెట్టాను. వేలు లోపలికి పోయింది. పోతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది, ఆపలేకపోయాను. దభీమని పడ్డాను.

వెనక నుంచి ఒక పిల్ల డర్‌పోక్ అని గొణిగింది. దొరసాని కాగితాలు మడిచింది. నేను ఇసుకలో అట్లాగే పడి ఉన్నాను, లేవాలనిపించలేదు. మాఘం వచ్చేసింది, అంతే.

అప్పుడు ఉస్తానీమా నాకూ కుర్చీలకూ మధ్య వచ్చి నిలబడింది. ఉర్దూలోనే మాట్లాడింది, కానీ ఆ మాటలన్నీ నాకు ఈ రోజుకూ తెలుగులోనే గుర్తున్నాయి. ఈ బిడ్డను మూడు నెలలు డర్‌పోక్ అన్నది నేను. వీళ్ళందరి ముందూ అన్నాను, వీళ్ళు నా దగ్గరే నేర్చుకున్నారు. వేళ్ళ మీద కొట్టాను, గోడకేసి నిలబెట్టాను. ఈమె పొద్దునా సాయంత్రం బర్రెలు పిండుతుంది, ఆ చెయ్యికి వేరే పట్టు అలవాటు. అది నేను చూడలేదు. చూడటమే నా పని, నేను నా పని చెయ్యలేదు. రాయాల్సింది ఏమన్నా ఉంటే నా పేరు మీద రాయండి.

చివర్లో పిల్లల వైపు తిరిగి, తెలుగిళ్ళ నుంచి వచ్చిన పిల్లలకూ అర్థం కావాలని తెలుగులో అంది.

"గల్తీ నాది. ఈ బిడ్డది కాదు."

పెద్ద మనిషి చిన్నపిల్లల ముందు ఆ మాట అనడం నేను అంతవరకు వినలేదు. మా బాపు అనలేదు, గల్లీలో ఎవరూ అనలేదు. పెద్దవాళ్ళకు గల్తీలు ఉండవనే అనుకునేదాన్ని. నా ఛాతీ మీద నుంచి ఏదో బరువు దింపినట్టు అనిపించింది. నేను పిరికిదాన్ని కాదన్నమాట. సీటు సంగతి ఆ క్షణంలో మర్చిపోయాను.

దొరసాని మడిచిన కాగితాలు మళ్ళీ విప్పి, ఇంకొకసారి వెయ్యమంది.

ఉస్తానీమా నన్ను ఎత్తి బారు అందించలేదు. నేనే ఎగిరి పట్టుకున్నాను. ఈసారి బలం పెట్టాలన్న ఆలోచనే రాలేదు. కాళ్ళు దాటాయి, బరువు చేతుల మీదికి వచ్చింది, పట్టు నిలిచింది. ఇసుక, గోడ, ఆకాశం ఒక చుట్టు తిరిగాయి. తేరుకునేసరికి బారు మీద ఉన్నాను, చేతులు నిటారుగా. కింద ఉస్తానీమా తల కనిపించింది. ఆమె నన్ను చూడటం లేదు, దుపట్టాతో మొహం తుడుచుకుంటోంది.

దొరసాని ఎంచుకున్న ఇద్దరిలో నేనూ ఉన్నాను, సీటు వచ్చింది. పెళ్ళి ఆగింది. మామ ఇంకెవరినో చేసుకున్నాడు, నాతో ఆరు నెలలు మాట్లాడలేదు, తర్వాత మళ్ళీ పుట్నాల ముద్దలు తెచ్చాడు. బాపు చీర కట్టుకొని బర్రెలు పిండుతూనే ఉన్నాడు. శుక్రవారం శుక్రవారం హాస్టల్ గేటు దగ్గరికి మీగడ తెచ్చి ఇచ్చేవాడు.

ఉస్తానీమాకు మాత్రం ఆ మాట కలిసి రాలేదు. పిల్లలను తప్పుగా కొట్టానని, తన పని తాను చెయ్యలేదని తన నోటితోనే చెప్పింది కదా. పెద్ద ఉస్తానీ దాన్నే కాగితం మీద పెట్టి పైకి పంపింది. నేను సెలవులకు ఇంటికి వచ్చేసరికి ఆమె బడిలో లేదు. తమ్ముడి ఊరికి పోయిందని ఒకరు, వేరే జిల్లాకు పోయిందని ఒకరు అన్నారు. ఎంత వెతికినా ఆమె జాడ దొరకలేదు. ఒక్కసారి ఆమె చెయ్యి పట్టుకొని మొక్కలేకపోయానన్న బాధ నాకు పోదు.

చివరికి నేనూ డ్రిల్లు నేర్పే పనిలోనే చేరి ముప్పై ఏళ్ళు చేశాను. కొత్త పిల్ల వస్తే ముందు ఇంట్లో ఏం పని చేస్తావని అడిగేదాన్ని. అది సులువు. గల్తీ నాదని ఉస్తానీమా అన్నట్టు అనడం మాత్రం అంత సులువు కాదు. అయినా అనేదాన్ని, ఒక్కసారి తప్ప. లక్క గాజులు చేసే ఇంటి పిల్లను ఒకదాన్ని, డంబెల్ సరిగ్గా పట్టుకోవడం లేదని అందరి ముందూ సోమరి అన్నాను. వేడి లక్కకు ఆ పిల్ల వేలికొసలు కాలి ఉన్నాయని అదే సాయంత్రం తెలిసింది. మర్నాడు బడికి పెద్దవాళ్ళు ఎవరో వస్తున్నారు, వాళ్ళ ముందు ఎందుకు, ఎల్లుండి చెబుదాంలే అనుకున్నాను. ఎల్లుండి ఆ పిల్ల రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఇంటికి వెళ్తే తాళం వేసి ఉంది. ఉస్తానీమా తన ఉద్యోగం పోతుందని తెలిసీ ఆ పూటే అంది. నాకు పోయేది ఏమీ లేదు, అయినా ఎల్లుండికి దాచుకున్నాను. ఎక్కడో ఒక ముసలామె, తాను సోమరినని ఇంకా నమ్ముతూ ఉంటుందేమో.